పదిహేడు చుక్కలు

ఇరవై మూడో సిస్టం ముందుకు కుర్చీ జరుపుకుని అతను కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తెర మీద తేదీలో నెల ముందు, రోజు వెనక కనిపిస్తున్నాయి. గడియారం ఎక్కడి పొద్దునో చెబుతోంది. అట్టపెట్టెలోంచి తీసిన ప్రతి సిస్టమూ ఇంతే, తాను ఎక్కడికొచ్చిందో దానికి తెలియదు. భాష మార్చాలి, దేశం మార్చాలి, తేదీ వరస సరిచెయ్యాలి, అంకెల మధ్య కామాలు మన లెక్కకు జరపాలి, ఆఖరికి కీబోర్డుకు మన అక్షరాలు చేర్చాలి. ఒక్కోదానికి పద్దెనిమిది నిమిషాలు. పంతొమ్మిదేళ్లుగా అతను చేస్తున్నది ఇదే. ఆఫీసులో అందరూ అతన్ని భాషల మేస్త్రి అంటారు. మేస్త్రికి వచ్చిన భాషలు రెండే, అందులో ఒకటి సగమే.

నేలమాళిగలో కిటికీ లేని గది. నలభై సిస్టాలు నాలుగు వరసల్లో ఉన్నాయి. మర్నాడు పెద్ద ఆఫీసరు వచ్చి వీటిని ప్రారంభించాలి. మేస్త్రికి యాభై నాలుగేళ్లు. సన్నటి మనిషి, వంగిన భుజాలు. చొక్కా జేబులో చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది, దానివల్ల జేబు అడుగున చిరుగు కూడా ఎప్పుడూ ఉంటుంది. ఆ చిరుగు కుట్టే మనిషి నాలుగు నెలలుగా మంచాన ఉంది.

గోడకు అతని చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. ఆఖరి విండోలో అడుగున ఉన్న గడిలో టిక్కు పెట్టరాదని దాని సారాంశం. పెడితే పాస్‌వర్డు అడిగే తెర కూడా మన అక్షరాల్లోకి మారిపోతుంది. పాస్‌వర్డు ఉండేది ఇంగ్లీషులో. మీటలు ఇచ్చేది మన అక్షరాలు. ఇక ఆ సిస్టం బ్రహ్మదేవుడికి కూడా తెరుచుకోదు. కొత్తగా చేరిన ప్రతివాళ్లనీ ఆ కాగితం ముందు నిలబెట్టి పైకి చదివించడం అతని అలవాటు. చదివినవాళ్లు బయటికెళ్లి నవ్వుకునేవారు.

మంచాన ఉన్నది అతని అక్క. బస్టాండులో మైకు ముందు ఇరవై తొమ్మిదేళ్లు కూర్చుంది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎవరి పిల్ల తప్పిపోయిందో, ఎవరి సంచి దొరికిందో ఆవిడే చెప్పేది. ఊళ్లో ఆవిడ మొహం ఎరిగినవాళ్లు తక్కువ, గొంతు ఎరగనివాళ్లు లేరు. రిటైరయ్యాక ఇంట్లోనూ అదే ధోరణి. "స్నానానికి వెళ్లవలసిన తమ్ముడు వెంటనే బాత్రూము వద్దకు రావలెను" అని వంటింట్లోంచి కేకేసేది. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. ఎందుకు కాలేదంటే చెప్పుకోదగ్గ కారణం లేదు. ఒకరు ముందు చేసుకుంటారని ఇంకొకరు ఆగి ఉంటారు.

నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ మాటా రెండూ పడిపోయాయి. బుర్ర మాత్రం నిక్షేపంగా ఉందని డాక్టరు అన్నాడు. అదే శిక్ష అయింది. రోజూ అతను ఆఫీసు నుంచి రాగానే ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుని ఏదో చెప్పబోయేది. మంచినీళ్లు తెచ్చాడు, మందు తెచ్చాడు, కళ్లజోడు, దుప్పటి, పెట్టెలోని పాత ఫొటోలు, అన్నీ తెచ్చాడు. ఏదీ కాదు. కాదని తల తిప్పి కళ్లు మూసుకునేది. ఎడమ చేత్తో రాయమంటే పెన్సిలు నిలిచేది కాదు. ఆ మాటేదో తెలియకుండా బతకడం అతనికి రోజురోజుకీ కష్టమైపోయింది. అడగలేక అడగలేక, పోయిన వారం సూపరింటెండెంటును అడిగి, మూలన పడేసిన పాత సిస్టం ఒకటి ఇంటికి మోసుకెళ్లాడు.

నిన్న ఆదివారమంతా దాంతోనే గడిచింది. మన అక్షరాలు కాగితం మీద రాసి, కత్తిరించి, ఒక్కో మీటకూ అంటించాడు. తెర మీద అక్షరాలు బొటనవేలంత పెద్దవి చేశాడు. అక్క వేలు పొరపాటున తగిలి భాష మారిపోకుండా ఇంగ్లీషును జాబితాలోంచే తీసేశాడు. సాయంత్రం ఆవిడ కుర్చీలో కూర్చుని చూపుడువేలితో ఏడు మీటలు నొక్కింది. అరగంట పట్టింది. తెర మీద "తమ్ముడు" అని వచ్చింది. అతను కుర్చీ కోడు పట్టుకుని కింద కూలబడ్డాడు. అప్పటికే ఆవిడ అలసిపోయి తల వాల్చేసింది.

"తొందరేం లేదక్కా, మిగతాది రేపు చెబుదువుగాని" అన్నాడు.

ఇరవై మూడో సిస్టంలో ఆఖరి విండో తెరుచుకుంది. అడుగున గడి ఖాళీగా ఉంది. అలవాటుగా దాన్ని దాటబోయి అతని వేలు ఆగిపోయింది. నిన్న ఇంట్లో ఆ గడిలో టిక్కు పెట్టాడు. గుమ్మం నుంచి పెరటి దాకా అంతా అక్కకు తెలిసిన అక్షరాల్లోనే ఉండాలన్న ఆత్రంలో పెట్టాడు. పాస్‌వర్డు మాత్రం అలవాటుకొద్దీ ఇంగ్లీషులోనే ఉంచాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. సరే, సిస్టం ఆగనంత వరకు ఫరవాలేదు, పొద్దున ఆన్‌లోనే ఉంచి వచ్చాం కదా అని తనకు తనే చెప్పుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికి గదిలో లైట్లు ఆరిపోయి, జనరేటరు మోత వినిపించింది.

వెంటనే ఇంటికి ఫోను చేశాడు. ఎత్తింది పక్కవాటాలో ఉండే ఆవిడ. పగటిపూట అక్కను కనిపెట్టుకుని ఉండేది ఆవిడే.

"కరెంటు పోయి వచ్చిందన్నయ్యా. నేనే మళ్లీ ఆన్ చేశా. తెర మీద పొడుగాటి డబ్బా ఒకటి వచ్చింది. అక్కయ్య నొక్కుతుంటే అక్షరాలు రావట్లేదు, చుక్కలొస్తున్నాయి."

"ఆపమను అమ్మా. నేనొచ్చి బాగుచేస్తానని చెప్పు."

"చెప్పా. తల ఊపి మళ్లీ నొక్కుతోంది. చుక్కల్ని చూడట్లేదు, మీటల్నే చూస్తోంది."

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు, పైనుంచి ఒత్తిడి ఉన్నవాడు. నలభయ్యీ పూర్తయ్యాక ఎక్కడికైనా వెళ్లమన్నాడు. ఒంట్లో బాగాలేదా అని కూడా అడిగాడు. ఇంట్లో సిస్టం తెరుచుకోవడం లేదని అనుమతి అడిగితే ఎవరైనా నవ్వుతారు. అక్క సంగతి చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి, అంత మాట్లాడటం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. సరే సార్ అని వచ్చి కూర్చున్నాడు. ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు పూర్తిచేశాడు. తేదీలు, కామాలు, గడియారం అన్నీ సరిగ్గానే పెట్టాడు. ఇరవై ఏడోది మొదలుపెట్టి, భాష దగ్గరే వదిలేసి, ఎవరికీ చెప్పకుండా మెట్లెక్కాడు. పంతొమ్మిదేళ్లలో అలా వెళ్లడం అదే మొదలు. ఆ పని గంట ముందు చెయ్యలేకపోయాడు.

బస్సు దొరకలేదు. సగం దూరం నడిచాడు, సగం పరుగెత్తాడు. పక్కవాటా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇప్పుడేనన్నయ్యా. నొక్కుతూ నొక్కుతూ ఆగింది. నా వంక చూసి చిన్నగా నవ్వింది కూడాను. అలిసిపోయి కునుకు తీస్తోందనుకున్నా" అంది.

అక్క కుర్చీలో వెనక్కి ఆని ఉంది. ఎడమ చెయ్యి కీబోర్డు మీదే ఉంది. జుట్టు దువ్వి ఉంది, నుదుటి మీద చెమట ఇంకా ఆరలేదు. చెప్పదలచుకున్నది చెప్పేసిన మనిషి మొహంలాగే ఉంది. అది చూసే అతనికి భయం వేసింది. ఏడుపు తర్వాత వచ్చింది.

డబ్బాలో నల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి. లెక్కపెట్టాడు. పదిహేడు. మీటకు ఒక చుక్క. మొదటి ఏడూ తననే పిలిచినవని అతనికి తెలుసు. మిగతా పదీ ఏమిటో తెలియదు. వెనక్కి మీట నొక్కితే ఒక్కో చుక్కా చెరిగిపోతుంది. ఎంటర్ నొక్కితే తప్పు పాస్‌వర్డు అని చెప్పి అన్నిటినీ తుడిచేస్తుంది. చదవడానికి ఆ పాత సిస్టంలో ఏ మీటా లేదు. ఆ విషయం ఈ ఊళ్లో అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

కబురు తెలిసి ఇరుగుపొరుగు వచ్చారు. నలుగురు పట్టి అక్కను పక్కగదిలో పడుకోబెట్టారు. బస్టాండులో ఆవిడతో పనిచేసిన ముసలి కండక్టరు ఒకాయన వచ్చి, ఇంత మౌనంగా పోయిందేమిటని కంటతడి పెట్టుకున్నాడు. ఎవరో పక్కగదిలోకి ఫ్యాను పెట్టాలని, బల్ల వెనక ఉన్న ప్లగ్గు తియ్యడానికి వంగారు.

"అది మాత్రం తియ్యకండి" అన్నాడు మేస్త్రి.

చావింట్లో మనిషి ఏమన్నా చెల్లుతుంది. వంగిన మనిషి ఇంకో ప్లగ్గు వెతుక్కుంటూ వెళ్లాడు. పది నిమిషాలకోసారి తెర తనంతట తనే నల్లబడేది. అతను కుర్చీలోంచి లేవకుండా, మీటలకు వేలు తగలనివ్వకుండా, మౌసును కొంచెం కదిపేవాడు. తెర మళ్లీ వెలిగేది. పదిహేడు చుక్కలూ, వాటి చివర తరువాతి అక్షరం కోసం ఆరి వెలుగుతూ ఒక సన్నటి గీతా.