మే నెలలో కట్టిన మంచు

నేను ఒక పాత ఏసీని. చల్లదనం పుట్టిస్తానని మీరంతా అనుకుంటారు గానీ అది మీ భ్రమ. గదిలోని వేడిని ఎత్తి బయట పారబోయడమే నా పని. ఆ బరువు మోసేది నా రాగి గొట్టాల్లో తిరిగే గ్యాస్. అది నిండుగా ఉన్నంతకాలం నేను దొరబాబుని, కారిపోతే గోడకు వేలాడే ఉత్త డబ్బాని. ఈ ఒక్క ముక్క మనుషులు ఒకరికొకరు చెప్పుకుని ఉంటే నేనిలా తుక్కు దుకాణంలో కూర్చుని ఏడ్చే పనే ఉండేది కాదు.

నా పుట్టుకలో గొప్పేం లేదు. ఒకే అచ్చులో వేలమందిమి పుట్టాం. మొదట హైదరాబాదులో ఒక రిటైర్డ్ ఇంజనీరు గారింటికి చేరాను. ఆ దంపతులు నన్ను పదహారు డిగ్రీల్లో పెట్టి, చలేస్తోందని రెండేసి దుప్పట్లు కప్పుకుని పడుకునేవారు. ఆ మాత్రం దానికి నేనెందుకో నాకు చివరిదాకా అంతుపట్టలేదు. కొన్నాళ్లకు కొత్త ఏసీ మీద మోజు పుట్టి నన్ను విప్పించారు. విప్పినవాడు నన్ను మెట్ల మీద జారవిడిచాడు. పైకి సొట్ట కూడా కనపడలేదు గానీ లోపలి కాయిల్‌లో వెంట్రుకంత చీలిక వచ్చింది. సెకండ్ హ్యాండ్ దుకాణంవాడు నన్ను తుడిచి, గ్యాస్ నింపి, పెళ్లికూతురిలా ముస్తాబు చేసి మోత్కూరుకు అమ్మేశాడు.

అక్కడ నాకోసం ఎదురుచూస్తున్నది పర్శరాములు. కల్లు గీసేవాడు. తాటిచెట్టు మీంచి పడి మెడ విరిగింది. భుజాల కింద కదలిక లేదు, చెమట కూడా పట్టదు. చెమట పట్టని ఒంట్లో వేడి చేరితే దిగదని, ఎండాకాలం గది చల్లగా లేకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరు ఆయన భార్య అండాలుకు గట్టిగా చెప్పాడు. తోటి గీత కార్మికులు తలా ఇంత వేసుకుని నన్ను కొన్నారు. అంటే ఈసారి నేను సోకు కోసం రాలేదు. ఒక మనిషిని బతికించడానికి వచ్చాను.

మొదటిరోజు నా గాలి మొహానికి తగలగానే పర్శరాములు కళ్లు మూసుకున్నాడు.

"చెట్టు కొసకెక్కినంక గాలి గిట్లనే తగులుతుండె," అన్నాడు. నా బతుక్కి అంతకుమించిన మెప్పు మళ్లీ దొరకలేదు.

మరుసటి వేసవికి నాలో గ్యాస్ సగానికి సగం కారిపోయింది. ఆ ఊళ్లో ఏసీలు బాగుచేసే ఖదీర్ వచ్చాడు. మంచివాడే. "నింపుత అక్కా. గని లోపల ఎక్కడనో లీకున్నది. దుకాణానికి తీస్కపోయి విప్పి చూడాలె. రెండు దినాలు పడతది," అన్నాడు.

"ఈ ఎండల రెండు దినాలు ఈయన ఎట్లుంటడు తమ్మీ? ఇప్పటికి నింపు," అంది అండాలు.

నిజమే మరి, ఎట్లుంటాడు? ఖదీర్ గ్యాస్ నింపి వెళ్లాడు. చలికాలంలో ఖదీరే గుర్తుపెట్టుకుని వచ్చి విప్పుతానన్నాడు. అప్పటికి నేను బాగానే నడుస్తున్నాను. నడుస్తున్నదాన్ని కదిలిస్తే మళ్లీ నడవదేమోనని అండాలు భయపడి, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఎండల్లో విప్పడానికి వీల్లేదు, చలిలో విప్పడానికి మనసు రాదు. నా చీలిక మాత్రం ఏ కాలమూ సెలవు తీసుకోలేదు.

ఆ తర్వాతి మే నెలలో, గొట్టానికి చుట్టిన స్పాంజి చిరిగినచోట తెల్లగా మంచు కట్టింది. అది చూసి అండాలు మొహం విప్పారింది. చిన్న ముక్క గిల్లి భర్త పెదవులకు రాసింది. అయ్యో పిచ్చిదానా! గ్యాస్ తగ్గిపోతే కట్టే మంచు అది. అది నా చల్లదనం కాదు, నా జబ్బు. లోపల కాయిల్ నిండా పేరుకుని గాలికి దారి మూసేస్తోంది. ఖదీర్‌కు అది మరీ మామూలు సంగతి కాబట్టి, చెప్పాల్సిన విషయమని అతనికి ఏనాడూ తోచలేదు. నాకా, నోరు లేదు.

"గాలి జర తక్కువైనట్టుందే," అన్నాడు పర్శరాములు.

"మంచు గడుతుంటే చల్లగ లేదంటవేంది?" అని నవ్వింది ఆమె. ఆయనా నవ్వాడు.

ఆ వారమే ఎల్లమ్మ పండుగ. "నేను పడ్డ కాంచి నువ్వు గడప దాటలే. బోనమెత్తుకొని పోయిరా. నాకేమైతది?" అని ఆయనే బలవంతపెట్టాడు. ఆమె నా గొట్టం మీది మంచును వేలితో తాకి చూసుకుంది. ధైర్యం వచ్చింది. చల్లదనం బయటికి పోకుండా కిటికీలన్నీ బిగించి, తలుపు దగ్గరికి లాగి వెళ్లింది.

మిగిలిన కాస్త గ్యాసూ కారిపోయి మధ్యాహ్నానికి నా ఊపిరి ఆగింది. మంచు కరిగి నీళ్లు బొటబొటా నేల మీద పడుతున్నాయి. గది పొయ్యిలా అయింది. పర్శరాములు "అండాలూ" అని పిలిచాడు. బయట డప్పుల మోతలో ఆ పిలుపు ఎవరికీ వినపడలేదు. మొహం కందిపోయి, మాట తడబడుతుండగా నావైపు చూశాడు.

"ఏందిరా, నువ్వు గూడ పడ్డవా?" అన్నాడు.

తిట్టినా బాగుండేది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అండాలు వచ్చేసరికి ఆయనకు తెలివి లేదు. ఆస్పత్రికి తీసుకుపోయారు గానీ మళ్లీ ప్రాణంతో ఇంటికి తేలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక నన్ను తీసుకుపొమ్మని అండాలు ఖదీర్‌కు కబురు చేసింది. అతను స్క్రూలు విప్పుతుంటే పక్కన నిలబడి అడిగింది.

"మంచు గట్టిందని చూసుకొనే పోయిన తమ్మీ. అంత మంచు గట్టినంక ఆయిన ఒళ్లు ఎందుకు గట్ల గాలింది?"

ఖదీర్ చెయ్యి ఆగిపోయింది. అతనికి ఆ క్షణంలో అంతా అర్థమైంది. తను చెప్పని మాటేదో, దానివల్ల ఏం జరిగిందో కూడా. తల ఎత్తకుండా మళ్లీ స్క్రూ తిప్పసాగాడు.

"లోవోల్టేజి వచ్చింటది అక్కా. నువ్వుండి గూడ ఏం జెయ్యకపోతుంటివి," అన్నాడు.

"అంతేనా?"

"అంతే."

నన్ను ఆటోలోకి ఎక్కిస్తుంటే అండాలూ ఒక చెయ్యి వేసింది. కొంగుతో నా మీది దుమ్ము తుడిచింది.

"మెల్లగ తీస్కపో తమ్మీ," అంది. "ఆయినను మస్తు చల్లగ చూసుకున్నది."