చిత్రావతి దాటించిన పిల్లి

పిల్లుల్ని తన ఇంటికి తీసుకుపోతానని, మా దగ్గర చీర నేయించుకుంటున్న ఎర్రన్న చెప్పడం నాకు తలుపు వెనక నుంచే వినబడింది. బయట గడియ పెట్టి ఉంది కాబట్టి గంతేసినా చూసేవాళ్లు లేరు, గంతేశాను. తల్లిపిల్లి నన్ను ఒకసారి చూసి, మళ్లీ తన పిల్లల్ని నాకుతూ కూర్చుంది.

పెళ్లయి ధర్మవరం వచ్చిన కొత్త. మా ఇంట్లో నడవంతా మగ్గమే. తలుపున్న గది ఒక్కటే ఉంటే దాన్ని మాకిచ్చారు. వానల్లేక పక్కింటి మారెక్క వాళ్లు బెంగళూరుకు కూలికి పోతూ, ఇంటికి తాళం వేసుకుని పిల్లిని వీధిలో వదిలేశారు. అది మా గడపలో కూర్చుంటే పాలు పోశాను. బి.ఏ. చదివొచ్చి నేను చేసిన మొదటి సంసారపు పని అదే.

అది చూలుతో ఉందని నాకు తెలియలేదు, మా అత్త తిప్పమ్మ చూడగానే కనిపెట్టింది. ఇక్కడ ఈనితే ఇక కదలదని, గోనెసంచిలో వేసుకుని చిత్రావతి అవతల వదిలొచ్చింది. ఏరు దాటించిన పిల్లి తిరిగి రాదని పెద్దల మాట. అది ఏట్లో నీళ్లు పారిన రోజుల మాట. ఇప్పుడున్నదంతా ఇసుకే. అత్త కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి పిల్లి గడపలో కూర్చుని ఉంది. మా ఆయన మగ్గం మీదికి వంగి నవ్వు దాచుకున్నాడు. నాకు దాచుకోవడం చేతకాలేదు.

మర్నాడే అది మగ్గం గుంతలో, సరిగ్గా ఆయన కాళ్లు పెట్టుకునే చోట ఈనింది. బాలింతను కదిలిస్తే పాపమని అత్తే పని ఆపించింది. అంతవరకూ బాగానే ఉంది. నడక నేర్చాక ఒక పిల్ల పడుగు మీదికెక్కింది. బిగించి కట్టిన పట్టుపోగులు దాని గోళ్లకు పుటపుటా తెగాయి. అది ఎర్రన్న కూతురి పెళ్లిచీర. ఒక్కో పోగూ వెతికి ముడి వేసేసరికి మా ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

అప్పటినుంచి మగ్గం ఆడినంతసేపూ పిల్లులు గదిలో, వాటికి కాపలాగా నేను, బయట గడియ. కిటికీ లేదు. మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచిలోంచి ఎండ ముక్క ఒకటి పడేది. దాన్ని పట్టుకోబోయి పిల్లలు ఒకదాని మీద ఒకటి దొర్లేవి. అది చూస్తూ ఉక్కను మరిచిపోయేదాన్ని. మరిచిపోలేనప్పుడు తలుపుకు చెవి ఆనించి దగ్గేదాన్ని. మగ్గం దగ్గరినుంచి ఆయనా దగ్గేవాడు.

మామ నరసింహప్ప మాత్రం తేల్చి చెప్పేశాడు. అమావాస్య తర్వాత కొత్త పడుగు ఎక్కుతుంది, అప్పటికి ఇంట్లో పిల్లి ఉండకూడదు. ఈసారి పిల్లలతో సహా ఏటి అవతలికే. తల్లి తిరిగొస్తుంది, పిల్లలు రాలేవు. ఆ ఇసుకలో కుక్కలు గుంపులుగా తిరుగుతాయి.

చీర చూసుకోవడానికి గార్లదిన్నె నుంచి ఎర్రన్న వచ్చింది ఇలాంటప్పుడు. పిల్లుల సంగతి విని తీసుకుపోతాననగానే అత్త గడియ తీసింది. ఎర్రన్న గుమ్మంలో గొంతుక్కూర్చుని పిల్లుల్ని చూశాడు. కొట్టులో దాచిన విత్తనం శనక్కాయ ఎలుకల పాలవుతోందట, అన్నిటినీ తీసుకుపోతానని మళ్లీ చెప్పాడు.

“యాడికి తీసకపోయినా ఈడికే వస్తాది. నేను చూసినా కదప్పా,” అంది అత్త.

దానికి తన పెళ్లాం సుబ్బరత్నమ్మ దగ్గర ఒక పద్ధతుందన్నాడు ఎర్రన్న. కొత్త పిల్లిని కొట్టులో పెట్టి తలుపేయాలి. రోజూ అన్నం పెట్టిన మనిషి దాంతోనే లోపల ఉండాలి. ఆ చోటు వాసన తనదనుకున్నాక పిల్లి ఇక కదలదు.

అందరూ నావైపు చూశారు. విత్తనాల కొట్టుకు గవాచి కూడా ఉండదు.

“కొత్తకోడలు పరాయింట్లో ఉంటాదా?” అంది అత్త.

“ఈడా గడియే, ఆడా గడియే. పాపకు మార్పేముండాది లే,” అన్నాడు ఎర్రన్న నన్ను చూపిస్తూ.

పిల్ల ఒకటి నా చీరకుచ్చెళ్లు పట్టుకుని పైకెక్కుతోంది. దాన్ని విడిపించి చేతిలోకి తీసుకున్నాను.

“నేను పోతాను మామా,” అన్నాను.

మామ చీర అంచును వేళ్లతో సరిచూశాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

“రేపు అమావాస్య, మగ్గం ఆడదు. తెల్లారి మొదటి బస్సుకు ఇద్దురూ పోండి. నువ్వు దిగబెట్టి పొద్దుగూకేలోగా ఇంటికి రా. పిల్లి నిలిచినాక పాప వస్తాది.”