గాలి పంపు రెండో పిడి

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆ ఏడు ముసురు పట్టి వారం రోజులు కురిసేసరికి జమ్మలమడుగు అవతల వీరభద్రయ్య నాపరాళ్ల గని నిండిపోయింది. అడుగున నిలబెట్టిన ఆయిల్ ఇంజను అరవై అడుగుల నీళ్ల కింద చిక్కుబడింది. దాన్ని తీయించాలని వీరభద్రయ్య ప్రొద్దుటూరు నుంచి జమాల్‌ను పిలిపించాడు.

జమాల్ నేవీలో నీళ్ల కింద పని నేర్చి వచ్చినవాడు. ముఖానికి తొడుగు వేసుకుని దిగుతాడు. పైనుంచి రబ్బరు గొట్టంలో గాలి కొడుతూ ఉండాలి. ఆ గాలి పంపుకు రెండు పిడులు. ఒకటి భార్య ఖమ్రున్నీసాది, రెండోది ఆమె తమ్ముడు గౌస్ మొహిద్దీన్‌ది. పరాయి చేతికి పిడి ఇవ్వకూడదని ఆ ఇంటి కట్టుబాటు. కింద ఉన్నవాడు ఎవరికి కావాలో వాళ్లే గాలి కొట్టాలంటుంది ఖమ్రున్నీసా. తీరా ఆ పొద్దున గౌస్‌కు చలిజ్వరం పట్టుకుంది.

"ఒంటి చెయ్యితో అరవై అడుగులకు గాలి పోదప్పా. వాడు లేచేదాకా రెండు దినాలు ఆగు," అంది ఆమె.

ఆగే మనిషైతే వీరభద్రయ్య కాంట్రాక్టరు ఎందుకవుతాడు? ఎర్రగుంట్ల వెల్డింగు షాపు నుంచి నల్లటి సిలిండరు ఒకటి తెప్పించి గట్టు మీద దింపించాడు.

"పంపూ వద్దు, నీ తమ్ముడూ వద్దు. ఇది అచ్చమైన ఆక్సిజను. గొట్టం దీనికి తగిలించుకోని దిగమను."

పక్కనే ఆయన బావమరిది కోదండపాణి ఉన్నాడు, పులివెందుల హైస్కూల్లో సైన్సు చెప్పే అయివారు. మంచివాడే, కానీ పుస్తకం దాటి అడుగు వేయడు. "గాల్లో ఆక్సిజను ఐదో వంతేనమ్మా. మిగతాదంతా దగ్గర దగ్గర నైట్రోజనే, పీల్చుకున్నా ఒంటికి పనికిరాదు. ఉట్టి ఆక్సిజనైతే ఇంకా మేలు కదా," అన్నాడు.

జమాల్ తల వంచుకున్నాడు. అతనికి నత్తి. మాట తక్కువ, నవ్వినా నోటికి తువాలు అడ్డం పెట్టుకుంటాడు.

"ఏమప్పా జమాలూ, భయమా? పెండ్లాం కొంగు పట్టుకోకుంటే దిగలేవా?" అన్నాడు వీరభద్రయ్య.

జమాల్ చెయ్యి సిలిండరు మీదికి పోయింది. ఖమ్రున్నీసాకు తన మొగుడి సంగతి తెలుసు. పౌరుషం వస్తే ఈ మనిషి నిప్పుల్లోకైనా దూకుతాడు. ఆమె లేచి సిలిండరుకూ మొగుడికీ మధ్య నిలబడింది.

"దిగడు. పంపు గాలితో అయితే దిగుతాడు, దీంతో దిగడు. నాకు పుస్తకం తెలీదు అయివారూ, ఈ పిడి తెలుసు. పది అడుగుల కాడ ఇది సులువుగా ఆడతాది. అరవైకి పోతే మూడింతలు బరువు. ఆడ పీల్చే ఒక్కో ఊపిరిలో ఈడి మూడు ఊపిర్ల గాలి కూరాల. ఐదో వంతుండేది మూడింతలైతే ఒళ్లు ఓర్చుకుంటాది. అంతా అదే కూరితే?"

"ప్రాణం నిలబెట్టేది ప్రాణం తీస్తాదా?" అన్నాడు కోదండపాణి.

"సంకటికి ఉప్పు మంచిదే. ఉప్పే ముద్ద చేసి పెడితే తింటావా?"

వీరభద్రయ్య పకపకా నవ్వాడు. "సంకటి గెలికేదానివి అయివారికి పాఠం చెప్తాండావా? వీడు కాకుంటే ఇంకొకడు దిగుతాడు."

ఇంకొకడు. ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండింది. వాడికి మాత్రం ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఉండరా? మొగుడి వైపు తిరిగి, "చూపించు," అంది.

జమాల్ తల అడ్డంగా ఊపాడు.

"నీ సిగ్గు పెద్దదా, ప్రాణం పెద్దదా? చూపించు!"

జమాల్ తువాలు తీసి నోరు తెరిచాడు. నాలుక ఎడమ పక్క కొరికిన జామకాయలా ఉంది.

"నేవీలో ముప్పై అడుగులు దాటొద్దని చెప్పి పంపినారు," అన్నాడు నత్తిగానే. "మొండితనంతో దాటినా. ఉట్టి ఆక్సిజనుతోనే. నలభై కాడ ఫిట్సు వచ్చె. నా నాలిక నేనే కొరుక్కుంటి. జోడుగాడు పైకి ఈడ్చకుంటే ఆన్నే పోతాంటి."

"మీరు దిగమనేది అరవై," అంది ఖమ్రున్నీసా.

కోదండపాణి చొక్కా విప్పి మడిచి రాయి మీద పెట్టాడు. "ఇది నా పుస్తకంలో లేదమ్మా. రెండో పిడి నేను పడతా."

ఆమె తటపటాయించింది. కట్టుబాటు కట్టుబాటే. "పట్టినాక ఆయప్ప పైకొచ్చేదాకా నువ్వు నా తమ్ముడివే. నొప్పి అనగూడదు," అంది చివరికి.

జమాల్ ఇంజనును లాగే గొలుసు కొస పట్టుకుని దిగాడు. పది అడుగులకొక ముడి వేసి అతని నడుముకు కట్టిన తాడు నీళ్లలోకి జారింది. ఆరో ముడి మునిగేసరికి కోదండపాణి మెడ నరాలు ఉబ్బాయి. "నిజమేనమ్మా, మూడింతలు!" అన్నాడు రొప్పుతూ. ఇంకాసేపటికి ఆయన భుజం పట్టేసింది.

"అప్పా, నువ్వు పట్టు!" అని ఖమ్రున్నీసా వీరభద్రయ్యను చూసి అరిచింది.

"నేనా?" అన్నాడు వీరభద్రయ్య.

"ఇంజను నీదే కదా. పట్టు!"

కాంట్రాక్టరు పంచె ఎగగట్టి పిడి పట్టాడు. నాలుగు నిమిషాలకే చేతులు బొబ్బలెక్కాయి. "ఒక్క క్షణం ఆగుదామే," అన్నాడు.

"నువ్వు ఆగితే ఆడ ఊపిరి ఆగుతాది. కొట్టు!"

కొట్టాడు. తాడు మూడుసార్లు గుంజుకుంది, ఇంజనుకు గొలుసు పడిందని గుర్తు. జమాల్ నిదానంగా పైకొచ్చి తొడుగు తీశాడు. పిడి పట్టుకుని కుక్కలా రొప్పుతున్న కాంట్రాక్టరును చూసి కాసేపు నమ్మలేకపోయాడు.

"మరి ఈ సిలిండరు?" అన్నాడు వీరభద్రయ్య, ఏదో ఒకటి అనాలని.

"ఎత్తుకపోప్పా. ఇనుము అతికించుకో," అంది ఖమ్రున్నీసా.

జమాల్ పెద్దగా నవ్వాడు. తువాలు పక్కనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.