బావి దగ్గరికి పోవద్దన్నారు

పాస్టరయ్య ఇస్సాకు కథ ఎత్తుకోగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఆదివారం వాక్యం ఎవరి కోసమో రేకుల కింద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇస్సాకు బావి తవ్వాడట, ఆ దేశపు కాపరులు వచ్చి నీళ్లు మావి అన్నారట, ఆయన గొడవ పడకుండా పక్కకు పోయి ఇంకో బావి తవ్వుకున్నాడట. అక్కడికీ వచ్చారట, దాన్నీ వదిలేశాడట. "వదిలిపెట్టినవాడికే దేవుడు విశాలమైన చోటిచ్చాడు" అని తమిళంలో చెబుతూ రాజమాణిక్కం పాస్టరు నా వైపు చూశాడు. ఆయన చూశాడని ముందు వరసలో ఆడవాళ్లు కూడా మెడలు తిప్పి చూశారు. గురువారం ఆయన దగ్గర కూర్చుని నేను ఏడ్చిన ఏడుపును ఆదివారం ఊరందరికీ వడ్డించాడు.

నా పేరు మునివెంకటమ్మ. బాప్తిస్మం ఇచ్చిన రోజు రూతు అని పిలుద్దామన్నారు. మా అమ్మ పెట్టిన పేరుతో పిలిస్తే దేవుడికి వినపడదా అని నేనే ఒప్పుకోలేదు. మాది తమిళనాట మొరప్పూర్‌కు దగ్గరి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా ఆయన మంచాన పడి ధర్మపురి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, వరండాలో నా పక్కన కూర్చుని అన్నం పెట్టింది ఈ సంఘం ఆడవాళ్లే. అన్నం తిన్నందుకు నేను నమ్మలేదు, ఆ అన్నం పెట్టమని చెప్పినవాణ్ణి నమ్మాను. అందుకే పాస్టరు మీద ఎంత కోపమొచ్చినా యేసు మీద రాలేదు.

ఇంతకీ నా గొడవ నీళ్ల గురించి. మా ఆయన చనిపోయాక నాకు మిగిలింది ఒక ఎకరా చామంతి తోట, ఉమ్మడి బావిలో ఒక వంతు. మిగతా వంతులు మా మరిది వెంకటసామివి, వరసకు మామయ్యే వెంకటప్పవి. మోటారు ఒక్కటే. ఎవరి మొరై వచ్చినప్పుడు వాళ్లు నీళ్లు పెట్టుకోవాలి. వంతును మేము మొరై అంటాం. ప్రతి ఏడూ తమిళుల ఆడి నెల పద్దెనిమిదో నాడు బావి గట్టున పొంగలి పెట్టి, గంగమ్మకు పసుపు కుంకుమ పెడతారు. తరవాత ఒక్కో ఇంటి ఆడది ఒక కుండ తోడి తన కాలవ మొదట్లో పోస్తుంది. కుండ పోసిన ఇంటికి ఆ ఏడంతా మొరై ఉన్నట్టు. మైలలో ఉండి రాలేకపోతే తోడికోడలు ఆమె పేరు చెప్పి పోయవచ్చు. మా ఆయన పోయిన ఏడు వెంకటసామి పెళ్లాం రంగమ్మాళ్ నా కుండ అలాగే పోసింది.

ఈ ఏడు బాప్తిస్మం తీసుకున్నాక, ఆడి పండగ ముందు పాస్టరు ఇంటికొచ్చి చెప్పాడు. అది విగ్రహాల పని, ఆ రోజు బావి దగ్గరికి పోవద్దు అన్నాడు. ఆయన హరూర్ టౌన్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఆయనకు నీళ్లంటే కొళాయి. పూజకు పోకపోతే పూజ ఒక్కటే పోతుందనుకున్నాడు, నేనూ అట్లాగే అనుకున్నాను. తలుపేసుకుని పాటలు పాడుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. మర్నాడు పొద్దున చూస్తే మోటారు స్టార్టరు పెట్టెకు కొత్త తాళం వేలాడుతోంది. తాళంచెవి వెంకటసామి మొలతాడుకు ఉంది. "కుండ పోయలేదు గదా వదినా. మొరై వదులుకున్నట్టే" అన్నాడు, పళ్లు తోముకుంటూ.

ఆ ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే నేను పాస్టరుకు అడ్డం పోయి నిలబడ్డాను.

"అయ్యా, ఇస్సాకు చుట్టూ ఎంత నేల ఉన్నింది?"

"ఏమ్మా?"

"వదిలేసి పోయేదానికి ఆయనకు నేలుండె, తవ్వేదానికి పనోళ్లుండిరి. నాకేముండాది? ఒక ఎకరా. నేను యాడికి పోయి తవ్వేది?"

"జెబం చేయమ్మా. పగ తీర్చుకోవద్దు. దేవుడు చూసుకుంటాడు."

"పగ ఎవురడిగినారు? నేను నీళ్లడిగినాను. పోవద్దని చెప్పింది మీరు. మీరే వచ్చి వెంకటసామి ముందర చెప్పండి. ఈమె మొరై వదులుకోలేదు, నేను చెప్తే ఆ పొద్దు రాలేదు, అంతే అని. ఒక్క మాట."

ఆయన మొహం చిన్నబోయింది. మా సంఘానికి వచ్చే బాట వెంకటసామి పొలం గట్టు మీదుగానే ఉంది. ఆ బాటకు ముళ్లకంప వేస్తే రేపు ఎవరూ రాలేరు. ఆ మాట ఆయన అనలేదు గానీ, ఆయన కళ్లలో నాకు ఆ ముళ్లకంపే కనిపించింది. సమయం చూసుకుని వస్తానన్నాడు. సమయం చూసుకునేది ఆయన, ఎండేది నా చామంతి.

ఆ మధ్యాహ్నం నా తమిళ బైబిలు తీసి కూర్చున్నాను. ఇన్ని మాటల్లో నాకు ఒక్క మాటైనా ఉండకపోతుందా అని కసిగా పేజీలు తిప్పాను. ఉంది. దేవుడికి భయపడని ఒక న్యాయాధిపతి. ఎవరి అండా లేని ఒక విధవరాలు. ఆమె రోజూ పోయి నాకు న్యాయం చేయమని అడిగింది, వాడు విసిగిపోయి చేశాడు. ఈ కథ యేసు తన నోటితో చెప్పాడు. ఆమె గయ్యాళిది అనలేదు, ఇంటికి పోయి సర్దుకోమనలేదు. మరి ఈ కథ మా పాస్టరు నోట ఎన్నడూ రాలేదేం? నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాటి నుంచి తెల్లారగానే వెంకటసామి ఇంటి అరుగు మీద పోయి కూర్చోవడం మొదలుపెట్టాను. అరవలేదు, శాపాలు పెట్టలేదు. ఆయన బయటికి రాగానే "నా మొరై నాకియ్యి" అనేదాన్ని. మొదట నవ్వాడు. "నీ దేవుడి బావిలో తోడుకో వదినా" అన్నాడు. పాలవాడు విన్నాడు, పూలమండీ వాళ్లు విన్నారు, బస్సుకు పోయే పిల్లలు విన్నారు. తరవాత నవ్వు పోయింది.

"పొద్దున్నే తాళి లేని మొహం ఎదురుగా కూర్చుంటే ఇంక నాకు పనులైనట్టే" అన్నాడు ఒకనాడు.

"ఆ తాళి కట్టింది మీ అన్న. మరిచిపోయినావా?" అన్నాను. "నా మొరై నాకియ్యి."

రంగమ్మాళ్ ఇంట్లోంచి వచ్చేది, ముగ్గు పెట్టేది, నా కళ్లలోకి చూడకుండా లోపలికి పోయేది. మొగుడి తప్పుకు ఈమె కూడా తల ఊపుతోందని ఆమె మీదా మండిపడ్డాను. అరుగు దిగి ఇంటికొచ్చి, వీధి కొళాయి దగ్గర బిందెలు పట్టి, దగ్గరి సాళ్లకు మోసుకుపోయి పోసేదాన్ని. దూరపు సాళ్లలో మొగ్గలు తలలు వాల్చేశాయి. ఆయుధపూజకు కోయాల్సిన పూలు. వాటి మధ్య నిలబడి, దేవా, నేను మంచిదాన్ని కావాలని చూస్తే అందరూ నన్ను చేతకానిదాన్ని చేస్తున్నారు అని గట్టిగానే అన్నాను.

శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థనలో పాస్టరుకు అందరి ఎదుటా చెప్పేశాను. "అయ్యా, రేపు పొద్దున మీరు అరుగు కాడికి రాకుంటే, ఎల్లుండి ఆరాధనలో నేనే లేచి నిలబడి ఆ విధవరాలి కథ చెప్తాను. బావి దగ్గరికి పోవద్దని నాకెవురు చెప్పినారో కూడా చెప్తాను."

శనివారం ఆయన బండి వేసుకుని వచ్చాడు. అదే వేళకు మోటారు కాయిలు వేడెక్కి వాసన వస్తోందని చెప్పడానికి వెంకటప్ప మామ కూడా వచ్చాడు. బావి వంతుదార్లలో ఆయనే పెద్ద, మొరై తగువులు తేల్చేది ఆయనే. ఇంతకంటే మంచి పొద్దు దొరకదనుకున్నాను.

పాస్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, అందరం సమాధానంగా పోదాం. ఆమె మనసు నొచ్చుకునింది. మీరు పెద్ద మనసుతో కొంచెం దయ చూపితే..."

"దయ యాడ అడిగినాను?" నా గొంతు వీధి చివరిదాకా పోయి ఉంటుంది. "చెప్పాల్సిన మాట చెప్పండయ్యా!"

ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు. "పండగకు దూరంగా ఉండమని నేనే అన్నాను. మొరై వదులుకోమని అనలేదు."

వెంకటసామి తొడ చరిచాడు. "విన్నావా మామా? ఆయనే దూరంగా ఉండమన్నాడంట. ఈమె ఉన్నింది. కుండ పోయలేదు. ఇంకేముండాది తేల్చేదానికి?"

వెంకటప్ప మామ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "వాడుక వాడుకే గదమ్మా. కుండ పోయకుంటే నేనేం చేసేది?"

అంతే, అయిపోయింది అనుకున్నాను. అప్పుడు గడపలోంచి రంగమ్మాళ్ గొంతు వినిపించింది.

"పోసినాను మామా."

అందరం అటు తిరిగాం. చేతులకు రాగిపిండి అంటుకుని ఉంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"నా కుండ పోసి, అందరూ పోయినంక ఇంకో కుండ తోడినాను. అక్క పేరు చెప్పి ఆమె కాలవలో పోసినాను. ఈయన ఒక్కడే చూసినాడు. నోరు తెరిస్తే పుట్టింటికి పంపిస్తానన్నాడు. ఇన్నాళ్లూ మూసుకోనుంటి. ఇంక నా వల్ల కాదు."

"వెంకటసామీ, నిజమా?" అన్నాడు మామ.

వెంకటసామి నేల చూశాడు. "ఆమె మైలలో లేదు గదా మామా. ఇంట్లో కూర్చోని పాటలు పాడతా ఉండె."

"మైలో కాదో తేల్చేదానికి నువ్వెవురురా? ఆడోళ్లు పేరు చెప్పి పోస్తే పోసినట్టే. చూసి కూడా తాళమేసినావా? చెవి ఇయ్యి."

వెంకటసామి మొలతాడు నుంచి తాళంచెవి తీసి అరుగు మీద పడేశాడు. చేతికి ఇవ్వలేదు. నేను వంగి తీసుకున్నాను. వంగినందుకు సిగ్గు పడలేదు.

మోటారు కొట్టం వైపు గబగబా పోతుంటే పాస్టరు వెనకే వచ్చాడు. కాస్త దూరం పోయాక గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మా, ఒక్క మాట. ఆ కుండ గంగమ్మ పూజలో పోసింది. ఆ దారిన వచ్చిన మొరై మనం తీసుకోవచ్చా? మనస్సాక్షిని అడుగమ్మా."

నేను ఆగిపోయాను. అప్పటిదాకా వచ్చిన కోపమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"అయ్యా, నా చామంతి యాడికి పోతుందో మీకు తెలీదా? ఆయుధపూజకు పోతుంది. గుళ్లకు పోతుంది. ఆ పూల మీద నేనిచ్చిన దశమభాగంతోనే మీ నెత్తి మీద రేకులేసినారు. అప్పుడు మీ మనస్సాక్షి ఏం చేస్తా ఉండె? యేసయ్యకు దప్పికయితే సమరయ ఆడదాన్ని నీళ్లడిగినాడు. ఆమె ఏ కొండ మీద మొక్కుతుందో ఆయనకు తెలుసు. తెలిసీ అడిగినాడు. ఆమె కుండలో నీళ్లే అడిగినాడు. ఆయనకు లేని మైల మీకు యాడి నుంచి వచ్చింది?"

"నీకోసం జెబం చేస్తానమ్మా" అన్నాడు, నేల చూస్తూ.

"చేయండి. ముందు మీకోసం చేసుకోండి."

ఆయన బండి తిప్పుకుని పోయాడు. ఆదివారం నేను ఆరాధనకు పోతాను, ముందు వరసలోనే కూర్చుంటాను. ఆ చోటు ఆయన ఇచ్చింది కాదు, ఆయన మీద కోపంతో నేను వదులుకునేదీ కాదు.

స్టార్టరు నొక్కాను. మోటారు మూలిగి పట్టుకుంది. నీళ్లు కాలవలో పడి, ఎండు మట్టిని తడుపుతూ, నెమ్మదిగా దూరపు సాళ్ల వైపు పాకాయి. కొన్ని మొక్కలు బతుకుతాయి, కొన్ని బతకవు, నాకు తెలుసు. గండి దగ్గర పాదాలు తడుపుకుని నిలబడి ఏడ్చాను.

ఎండ ఎక్కాక గట్టు మీద రంగమ్మాళ్ కనిపించింది. ఆమె ఎడమ చెంప ఎర్రగా ఉంది. నేను చూశానని తెలిసి కొంగు అటు లాక్కుంది.

"కొట్టినాడా?"

"ఇంక కొట్టడు. మామ అరుగు మీదనే కూర్చోనుండాడు."

"వాడంటే అంత భయం గదా నీకు. నాకోసం ఎందుకు పోసినావు?"

"నువ్వు దేవుణ్ణి మార్చుకున్నావు, సరే. చెట్లకు దప్పిక పోయిందా?" అంది చిరాగ్గా, ఇదీ అడగాల్సిన మాటేనా అన్నట్టు.

ఇన్నాళ్లు ఆమె మీద పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పార తీసుకుని గండి దగ్గర మట్టి సర్దాను. ఆమే అడిగింది.

"వచ్చే ఆడి పండగకు ఎట్లక్కా? ఆయన నన్ను ఇంక బావి కాడ నిలబడనీడు."

"నేను వస్తాను. పసుపు పెట్టను, మొక్కను. నా కుండ నేను తోడి, నా దేవుడి పేరు చెప్పుకోని నా కాలవలో పోసుకుంటాను. ఎవురు వద్దంటారో చూస్తాను. ఆ పొద్దు నిన్ను రానీకుంటే నీ కుండ కూడా నేనే పోస్తాను."

"నాదా? ఏ దేవుడి పేరు చెప్పి?"

"నీ పేరు చెప్పి" అన్నాను.

రంగమ్మాళ్ చీర కుచ్చిళ్లు ఎగదోపి, నా చేతిలో పార లాక్కుని, రెండో సాలుకు గండి కొట్టింది.