తలరాత చివర రాస్తాం

మా తుపాకుల ఫ్యాక్టరీలో నన్ను ఆకురాయి అంటారు. ముట్టుకుంటే గీరుకుంటానట. నాకేం కోపం లేదు. ఏడో తరగతిలో బడి మానేసి ఇక్కడి కర్ర గదిలో అడుగు పెట్టిన రోజు నుంచి నా చేతిలో ఉన్నది ఆకురాయే. అది గీరకపోతే ఏ వస్తువుకూ నునుపు రాదు.

కర్ర గదిలో ఒకప్పుడు ఇరవై ఇద్దరం ఉండేవాళ్ళం. ఇప్పుడు మిగిలింది నేనూ, కిటికీ పక్కన కూర్చుని ఇనుము మీద నగిషీ చెక్కే మా అక్క మొగుడూ. పక్క షెడ్డులో అచ్చు యంత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా నల్ల ప్లాస్టిక్ మడమలు కక్కుతూనే ఉంటుంది. తుపాకీకి మడమ అంటే భుజానికి ఆనించుకునే వెనక భాగం. బక్కెట్లు పోసే యంత్రానికీ దీనికీ అచ్చు ఒక్కటే తేడా. ఆ తుపాకీ గురి తప్పదు, వానకు ఉబ్బదు, కాదనను. కానీ దాన్ని బల్ల మీద పెడితే అది తుపాకీయో, గోడకు బెజ్జాలు వేసే డ్రిల్లు మిషనో దగ్గరికి వెళ్ళి చూసుకోవాలి. పైన పళ్ళు, పక్కన కంతలు, ఎక్కడ చూసినా కొసలు. చూపు కూర్చోవడానికి అందులో ఒక్క చోటు లేదు.

పాత తుపాకీ సంగతి వేరు. అక్రోటు దుంగను ఏళ్ళ తరబడి ఆరబెట్టి, కోసే ముందు వారం రోజులు ఊరికే చూస్తూ కూర్చునేవాళ్ళం. కర్రలోని రేఖలు చెయ్యి పట్టే మెడ దగ్గర సన్నగా సాగి, మడమ దగ్గరకొచ్చి పొగలా విచ్చుకోవాలి. గొట్టం నీలిరంగు పావురం మెడలా వెలుగుని బట్టి మారాలి. కళ్ళు మూసుకుని భుజానికెత్తి కళ్ళు తెరిస్తే, చూపు తనంతట తాను గొట్టం చివర ఉండాలి. అందం అంటే పైన పూసేది అనుకునేవాళ్ళకు ఈ మాట అర్థం కాదు. ఆ వంపు అందంగా ఉంది కాబట్టే చెయ్యి అక్కడికి పోతుంది.

అన్నింటికన్నా నాకు గర్వం స్క్రూలు. స్క్రూ తల మీద ఉండే గాడిని మా గదిలో తలరాత అంటారు. మా తుపాకీలో పైకి కనబడే స్క్రూలు ఏడు. ఏడింటి గాడులూ గొట్టం వైపే చూస్తాయి. ఎందుకంటే మేం ముందు గాడి కోయం. స్క్రూ తలను కావాలని ఎత్తుగా ఉంచి, దాని మీద తాత్కాలికంగా ఒక గాడి పెట్టి, ఇంక కదలనంతగా బిగిస్తాం. అలా బిగించి ఉండగానే, గొట్టం ఎటుంటే అటు ఒక సన్న గీత గుర్తు పెడతాం. తర్వాత విప్పి, ఎత్తు తలను పాత గాడితో సహా అరగదీసి, గుర్తు ప్రకారం అసలు గాడి కోస్తాం. మళ్ళీ బిగిస్తే అది అక్కడే ఆగుతుంది. నాకు పని నేర్పిన మేస్త్రి అనేవాడు: "పైవాడు తలరాత ముందు రాసి ఆ తర్వాత మనిషిని బిగిస్తాడు రా. అందుకే ఎవడూ సరిగ్గా కూర్చోడు. మనం ముందు బిగిస్తాం, తలరాత చివర రాస్తాం."

ప్లాస్టిక్ తుపాకీ స్క్రూలకు నక్షత్రం బెజ్జం ఉంటుంది. నక్షత్రానికి దిక్కుండదు. ఎటు తిరిగి ఆగినా ఎవడికీ పట్టదు.

ఆ మధ్య గురి పోటీల్లో పేరున్న ఒక పెద్దావిడ జంట గొట్టాల తుపాకీ కావాలని, పాత పద్ధతిలోనే కావాలని అడిగింది. ఓనరు కర్ర గదిలోకి వచ్చి నిలబడే చెప్పాడు.

"చూడవయ్యా, ఇది తనిఖీలో పాసైతే ఆవిడ వెనకాల ఇంకో నలుగురున్నారు. గది ఉంటుంది. ఫెయిలైందా, ఈ గదిని ప్లాస్టిక్ మడమలకు గోడౌను చేస్తాను. నువ్వు ప్యాకింగుకి, మీ బావ ఇంటికి. తర్వాత నన్ను అనొద్దు."

ఏడు నెలలు చేశాను. ఓనరు చెప్పిన తేదీకి పన్నెండు రోజుల ముందే తీసుకెళ్ళి తనిఖీ గదిలో పెట్టాను. చూసినవాడల్లా చేతులు తుడుచుకుని మరీ ముట్టుకున్నాడు.

మర్నాడు కాగితం వచ్చింది. "స్క్రూల బిగింపు అసంపూర్తి. తిరస్కరించడమైనది."

రాసింది తనిఖీ ఇంజనీరు. ముప్పై ఏళ్ళు ఉండవు. కాఫీ కప్పుని కూడా కొలిచి తాగుతుందని అందరం మిల్లీమీటరమ్మ అంటాం. కాగితం కింద కారణం కూడా రాసింది. పూర్తిగా బిగించిన స్క్రూ గాడి ఎటు ఆగుతుందో ఎవరూ చెప్పలేరట. ఏడూ ఒకే వైపు ఆగాయంటే, అందం కోసం ముందే ఆపేశారట.

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి మా బావకు ఓపిక పోయింది.

"ఏమోయ్ బావమరిదీ, కొత్తల్లుడిలా ఎంతసేపు అలుగుతావు? వెళ్ళి చెప్పరాదూ?"

"ఏం చెప్పాలి? ఆమె చదువుకున్నది. చదువు లేనివాడు చెబితే వింటుందా?"

"చదువు లేదు, చదువు లేదని ముప్పై ఎనిమిదేళ్ళుగా నువ్వే డప్పు కొడుతున్నావు. ఇక్కడెవరైనా అడిగారా? మీ అక్క అడిగిందా?"

"తప్పు తను రాసింది. తనే వచ్చి అడగాలి."

"అడుగుతుంది, అడుగుతుంది. ప్యాకింగులో అట్టపెట్టెలకు టేపు అంటిస్తుంటే వచ్చి అడుగుతుంది. నీకేం, మూతి ముడుచుకుని ఎక్కడైనా బతుకుతావు. నేనేం చెయ్యను? ప్లాస్టిక్ మీద నగిషీ చెక్కనా? పువ్వు చెక్కేలోపు కరిగి కాయవుతుంది!"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. లేచి తనిఖీ గదికి వెళ్ళాను. గుమ్మంలోంచే అడిగాను.

"మేడం, బిగింపు కొలిచే రెంచి ఉందిగా మీ దగ్గర. పెట్టి చూశారా?"

ఆమె తల ఎత్తింది. "రెంచి మొనలన్నీ నక్షత్రం తలకే సరిపోతాయి మేస్త్రి గారూ. గాడి తలకు మొన లేదు."

"అంటే కొలవలేదు."

"లెక్క ప్రకారం రాశాను."

"మిల్లీమీటరమ్మ కొలవకుండా రాసిందని ఊరందరికీ తెలిస్తే ఆ పేరు నాకిచ్చేస్తారు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నన్నలా అంటారని నాకు తెలుసు," అంది. "మొన ఉంటే కొలుస్తాను. తేండి."

గదికి వచ్చి ఉక్కు ముక్క బిగించి, ఆ సాయంత్రంలోపే మొన అరగదీశాను. పైన రెంచిలో కూర్చునేలా పలకలు, కింద మా గాడిలో వెంట్రుక సందు లేకుండా దిగే నాలుక. మర్నాడు పొద్దున ఓనరు గదిలో, పచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద తుపాకీ పెట్టారు. బావ పని మానుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

మిల్లీమీటరమ్మ మొన చూసింది, వేలితో తడిమింది. మొదటి స్క్రూ మీద పెట్టి తిప్పింది. సరిపడా బిగింపు ఉంటే రెంచి టిక్కుమంటుంది. టిక్కుమంది. గాడి కదల్లేదు. రెండోది టిక్కు. మూడోది టిక్కు. నేను గాడి ఎప్పుడు కోస్తామో చెబుతూ ఉంటే ఆమె తలూపుతూ కొలిచింది. ఆరోది టిక్కుమనేసరికి బావ తలుపుని తబలా చేసుకున్నాడు.

"చాలు," అన్నాడు ఓనరు. "ఆరు సరిపోయాక ఏడోది ఎందుకు? అమ్మాయ్, ఆ కాగితం చింపెయ్. ఇవాళే పంపిద్దాం."

"నాదే పొరపాటు మేస్త్రి గారూ," అంది ఆమె. నిజంగానే అంది.

నేను తుపాకీ తీసుకోబోతూ మెడ పట్టుకున్నాను. ట్రిగ్గరు కింద ఉండే ఇనుప కమ్మి కర్రలో దిగే చోట నా బొటనవేలు గోరుకు ఏదో తగిలింది. అక్కడ ఏమీ తగలకూడదు. ఇనుమూ కర్రా ఒకే మట్టంలో ఉండాలి. కర్ర ఆరి కుంగింది, గోరుకు తప్ప కంటికి అందనంత. ఏడో స్క్రూ ఆ కర్రను నిలువునా తొలుచుకుని పోయేది; కర్ర కుంగితే దాని బిగింపు వదులైనట్టే.

నూనె పట్టించాక కర్ర పదిహేను రోజులు ఊరుకోవాలి. ఆ తర్వాతే ఏడోదాని తలరాత. మేస్త్రి నాకు మొదటి ఏడాదే చెప్పాడు. నేను నాలుగు రోజులకే కోసేశాను. చెప్పిన తేదీకన్నా ముందు పెట్టి అందరి నోళ్ళూ మూయిద్దామని. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎవరైనా ఆ పని చేస్తే వాడి ఏడు తరాలనూ తిట్టేవాణ్ణి.

బల్ల చుట్టూ ఎవరికీ తెలియదు. కాగితం ఆమె చేతిలో సగం చిరిగి ఉంది.

"ఆగమ్మా," అన్నాను. "ఏడోది కూడా కొలువు."

"వద్దంటున్నాగా!" అన్నాడు ఓనరు.

"కొలువు."

ఆమె రెంచి పెట్టింది. టిక్కు రాలేదు. గాడి నువ్వుగింజ మేర పక్కకు జరిగింది, అప్పుడు టిక్కుమంది. ఆరు గాడులు గొట్టం వైపు చూస్తుంటే అది మెల్లకన్నులా ఎటో చూస్తోంది. బావ తలుపు మీంచి చెయ్యి తీసేశాడు.

"మీకు ముందే తెలుసా?" అంది ఆమె.

"ఇప్పుడే గోరు చెప్పింది. తొందరపడి కోశాను. అది నా తప్పు."

"మీరు అనకపోతే నేను పాస్ చేసేదాన్ని."

"అందుకే అన్నాను. మీ రాత తప్పయితే కాగితం చింపి ఇంకోటి రాస్తారు. నా రాత ఆ తుపాకీ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. దాన్ని దాచిపెట్టి గది నిలబెట్టుకుంటే, రేపట్నుంచి ఆ గదిలో కూర్చుని నేను ప్లాస్టిక్‌ని ఏ నోటితో తిట్టాలి?"

ఓనరు తల పట్టుకున్నాడు. "కొత్తది చెయ్యడానికి ఎన్ని రోజులు?"

"స్క్రూ ఒక్క పూట. కర్ర ఊరుకోవడానికి పదిహేను రోజులు."

"ఆవిడకి ఏం చెప్పమంటావు? ఒక్క స్క్రూ అలిగిందనా?"

"ఆ మాటే చెప్పండి."

నా ముందే ఫోను చేశాడు, స్పీకరు పెట్టి. ఆవిడ తిట్లు నేను వినాలని కాబోలు. ఆవిడ అంతా విని అడిగింది.

"వంకర కనిపెట్టింది ఎవరు, నీ తనిఖీవాళ్ళా?"

"లేదండీ. చేసినాయనే."

"నాలుగేళ్ళుగా వెతుకుతున్నానయ్యా. పదిహేను రోజుల్లో కొత్తగా ముసలిదాన్నవుతానా ఏం? తొందరపెట్టకు ఆయన్ని. ఆ నలుగురికీ నేను చెబుతాలే, వాళ్ళనీ ఆగమని."

ఫోను పెట్టేశాక ఓనరు నా వైపు చూసి, "పో, పోయి కూర్చో నీ గదిలో," అన్నాడు. నీ గది అన్నాడు. బావ మెట్లు దిగేదాకా ఆ మాటే నెమరేశాడు. 

పదిహేను రోజులూ మిల్లీమీటరమ్మ రోజుకొకసారి వచ్చి, కమ్మి పక్కన కర్ర మీద గోరు పెట్టి చూసింది. మొదట్లో ఆమె గోరుకు ఏమీ తెలియలేదు. తొమ్మిదో రోజున "ఇక్కడ కదూ?" అంది. అక్కడే. పదిహేనో రోజు కర్ర కదలడం మానేసిందని ఇద్దరం ఒప్పుకున్నాం. కొత్త స్క్రూ ఎత్తు తలతో బిగించి, గీత గీసే సూది ఆమె చేతికిచ్చాను.

"నేనా?" అంది. జేబులోంచి స్కేలు తీసింది.

"స్కేలు లోపల పెట్టు. గొట్టం కేసి చూడు, ఊపిరి వదిలెయ్, గియ్యి."

గీసింది. ఆ గీత మీదే గాడి కోశాను. బిగిస్తే ఏడోది వెళ్ళి మిగతా ఆరింటి పక్కన బుద్ధిగా నిలబడింది. రెంచి టిక్కుమంది.

తనిఖీ కాగితంలో పొడవుకు గడి ఉంది, బరువుకు ఉంది, బిగింపుకు ఉంది. దిక్కుకు లేదు. ఆమె అంచున చేత్తో ఒక గడి గీసి, పైన "దిక్కు" అని పెట్టి, ఏడు స్క్రూలకూ ఏడుసార్లు "సరి" అని రాసింది. నాకు చూపించింది, మెచ్చుకుంటాననుకుందేమో.

ఏడు సరిలూ ఒక వరసలో లేవు. నాలుగోది కిందికి జారింది. చెప్పాను.

"ఆకురాయి అని ఊరికే అనరు," అంది. కాగితం చింపేసి, కొత్తది తీసి మళ్ళీ రాసింది.