ఎత్తిన కాలు

పెద్ద వరద బెల్ ఫోర్క్ వాగు మీది వంతెనని ఎత్తుకుపోయాక మూడో వేసవి అది. ఆ వరదలోనే ఎస్టిల్ వాళ్ళన్న హోబర్ట్ కూడా పోయాడు. కొట్టంలో ఆవుని విప్పడానికి వెళ్ళాడు. ఆవు ఈదుకుంటూ బయటపడింది.

అన్నదమ్ములిద్దరూ నలభై ఏళ్ళపాటు ఆ కొండల్లో పెళ్ళిళ్ళకీ, కొట్టాల్లో జరిగే నాట్యాలకీ వాయించారు. ఎస్టిల్‌ది ఫిడేలు, హోబర్ట్‌ది బాంజో. అక్కడి పాటకి చివరంటూ ఉండదు. తిరగలిలా తిరుగుతూనే ఉంటుంది. వాయించేవాళ్ళలో ఎవరో ఒకరు కాలు ఎత్తాలి. ఎత్తితే ఇదే ఆఖరి చుట్టు అని లెక్క. ఆ చుట్టు పూర్తి చేసి అందరూ ఒక్కసారే ఆపుతారు. వీళ్ళిద్దరిలో కాలెత్తేది ఎప్పుడూ హోబర్టే. ఎస్టిల్ తల వంచుకుని అన్న బూటు కేసి చూస్తూ వాయించుకుపోయేవాడు. తనంతట తను ఒక్క పాటా ఆపి ఎరగడు. అన్న పోయాక ఇంట్లో ఎప్పుడైనా మొదలెడితే, చిక్కుళ్ళు చల్లారిపోతున్నాయని భార్య ఓపల్ కేకేసేదాకా సాగేది.

ఏటా జులైలో కాలేజీ మైదానంలో గుడారం వేసి పది రోజులు సంగీతోత్సవం చేస్తారు. పట్నాల నుంచి అరవై మంది వాద్యగాళ్ళు దిగుతారు. ఈ దేశపు పాత పాటలు, చర్చి పాటలు, నాట్యం పాటలు, పడవవాళ్ళ పాటలు తీసుకుని అరవై మందీ వాయించేటంత పెద్దవి చేస్తారు. ఆ ఏడు ఎస్టిల్ వాళ్ళ తాత పాటని అలా పెద్దది చేశారు. ముందు ఎస్టిల్ ఒక్కడే రెండు చుట్లు వాయించాలి. రెండోది అయిన చోట బృందం అందుకుంటుంది. జనానికి పంచే అచ్చు కాగితం మీద పాట పేరు కింద హోబర్ట్ జ్ఞాపకార్థం అని ఉంది. ఎస్టిల్‌కి చదువు అంతంతమాత్రం. అన్న పేరు మాత్రం పోల్చుకున్నాడు. భయం అప్పుడే పట్టుకుంది. తను తప్పితే పోయేది తన పేరు కాదు, అన్న పేరు.

ముందురోజు సాధనలో తప్పనే తప్పాడు. రెండు చుట్లయ్యాయి, మూడయ్యాయి. బృందాన్ని నడిపే విట్‌మర్ చెయ్యెత్తి నిలబడ్డాడు. ఎస్టిల్ నేల కేసే చూస్తున్నాడు. చివరికి ఎవరో దగ్గితే ఆపాడు. బాకా ఊదే ఒకాయన, ముసలాయనకి గంటల లెక్కన డబ్బులిస్తున్నారా అని పక్కవాణ్ణి అడిగాడు. నవ్వులు. విట్‌మర్ మర్యాదస్తుడు. రెండే, ఎస్టిల్ గారూ, నా చెయ్యి చూస్తే చాలు అన్నాడు. అలాగేనన్నాడు ఎస్టిల్. డెబ్భై ఏళ్ళ మనిషి తనకి పాట ఆపడం రాదని ఎవరితో చెప్పుకుంటాడు.

ఆదివారం మధ్యాహ్నం కచేరీ. ఓపల్ చొక్కా ఇస్త్రీ చేసింది. మొక్కజొన్న రొట్టె అతను ముట్టుకోలేదు.

"ఏమయ్యా, నీ అంత్యక్రియలకి నువ్వే వెళ్తున్నట్టుంది నీ వాలకం. మనిషివి ఇంకా ఉన్నావుగా," అంది ఓపల్.

అతను అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూనే ఉన్నాడు.

గుడారం వెనకాల బల్ల మీద కూర్చుని ఉంటే, నిలువెత్తు బేస్ ఫిడేలు వాయించే లెనోరా వచ్చి పక్కన కూర్చుంది. యాభై ఏళ్ళ మనిషి, మాట మెత్తన. నిన్నంతా నేల మీద ఏం వెతుకుతున్నారండీ అని అడిగింది. ఎందుకో ఆమెతో చెప్పాలనిపించింది.

"మా అన్న కాలెత్తేవాడు. అప్పుడు ఆపేవాణ్ణి," అన్నాడు.

ఆమె ఇంకేదో అడగబోయింది. ఈలోగా పిలుపు వచ్చింది.

గుడారం నిండా జనం. విసనకర్రలు ఆడుతున్నాయి. ఎస్టిల్ కుర్చీ వేదిక అంచున, సగం జనం వైపు, సగం బృందం వైపు తిప్పి వేశారు. అతను కమాను ఆనించాడు. మొదటి చుట్టు బాగానే వెళ్ళింది. విసనకర్రలు ఆగాయి. రెండోది ఎత్తుకున్నాడు. సగంలో లెక్క తప్పింది. ఇది రెండోదా, మూడోదా? తల ఎత్తితే విట్‌మర్ చెయ్యి గాల్లో ఉంది. ఆ చెయ్యి ఏమంటోందో అతనికి బోధపడలేదు. ఆపమనా, ఆగమనా, పొమ్మనా? కమాను మాత్రం ఆగలేదు. చుట్టు తిరిగి మళ్ళీ మొదటికి వచ్చింది.

చెవుల్లో హోరు. వరద వచ్చిన రాత్రి వాగు చేసిన హోరే. అరవై మందీ వాద్యాలు ఎత్తి పట్టుకుని కాచుకుని ఉన్నారు. కావాలని ఆపేద్దామనుకున్నాడు. చెయ్యి వినలేదు. నలభై ఏళ్ళుగా ఆ చెయ్యి వినేది ఒక్క బూటు మాటే. తల వంచాడు. ఎదురుగా బూట్లు, వరసలు వరసలుగా, నల్లగా, మెరుగు పెట్టినవి. అన్నీ నేలకి మేకులు కొట్టినట్టు ఉన్నాయి. ఒక్కటీ కదలదు. ఇంక సాయంత్రందాకా ఇలాగే వాయిస్తాను, జనం లేచిపోతారు, కాగితం మీద హోబర్ట్ పేరు తొక్కుకుంటూ పోతారు అనుకున్నాడు.

నాలుగో చుట్టు మొదలైంది.

అప్పుడు కుడివైపు, వరస చివర, ఒక బూటు నేల వదిలింది.

లెనోరా. మనిషికన్నా ఎత్తున్న ఆ ఫిడేలుని వాటేసుకుని ఒంటికాలి మీద నిలబడింది. దించలేదు. ఊగింది కానీ దించలేదు.

ఎస్టిల్ ఆ బూటునే చూస్తూ చుట్టు పూర్తి చేసి, కోసినట్టు ఆపాడు. విట్‌మర్ చెయ్యి దిగింది. అరవై మంది అందుకున్నారు.

జనానికేం తెలియలేదు. నాలుగు చుట్లే కాబోలు అనుకుని చప్పట్లు కొట్టారు. విట్‌మర్ మొహం తుడుచుకుంటూ వచ్చి, నాలుగయ్యాయి ఎస్టిల్ గారూ అన్నాడు. అవునన్నాడు ఎస్టిల్. లెనోరా పిక్క రుద్దుకుంటూ, ఇంకొక్క చుట్టు అయ్యుంటే బాకాల మీద పడేదాన్నండీ అంది. అతను నవ్వబోయాడు, రాలేదు. అదే పాట బుధవారం ఇంకోసారి ఉందని అతనికి చెప్పి పంపారు.

మర్నాడు పొద్దున్నే ఓపల్ పెట్టిన క్యాబేజీ ఊరగాయ సీసా ఒకటి పట్టుకుని గుడారానికి వెళ్ళాడు. ఇంకా ఎవరూ రాలేదు. లెనోరా నిలబడే చోట సీసా పెట్టాడు. తన కుర్చీ వేదిక అంచు నుంచి ఈడ్చుకొచ్చి, వీపు జనం వైపుకి వచ్చేలా, ఆ సీసాకి ఎదురుగా వేసుకున్నాడు. కూర్చుని తల వంచి చూశాడు. ఆమె బూటు ఉండే చోటు కనబడుతోంది.