గంగిపేట నీళ్లలో కొంగ

స్తుతికి కొంగల పిచ్చి పట్టిందని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. మంచిర్యాలలోని ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుందామె. వారమంతా మైక్రోస్కోపుకు కన్ను ఆనించి కూర్చునే మనిషి, ఆదివారం వచ్చిందంటే కెమెరాకు ఆనించేది. చీకటి విడవకముందే స్కూటీ తీసి గోదావరి ఒడ్డుకు చేరి, ఆరాధన మొదలయ్యేలోపు బురద కాళ్లు కడుక్కుని చర్చిలో వెనక బెంచీ మీద సర్దుకునేది. లకుముకి పిట్టల్నీ నీటికాకుల్నీ తీసేది గానీ, ఆమె మనసంతా కొంగల మీదే.

"కదలకుండ నిలబడేదాన్ని ఫొటో తీసుడు అల్కనే గద అక్కా," అంది ఒకసారి మందుల కౌంటర్లో పనిచేసే నవ్యశ్రీ.

"అల్కనే అనుకుంటవ్. నువ్వు అట్ల కన్ను తిప్పుతవ్, గప్పుడే అది చేపను పడ్తది," అని నవ్వింది స్తుతి. "ఓపిక దానికెక్కువనా, మనకెక్కువనా, గంతే."

ఆ నవ్యశ్రీయే జనవరిలో ఒక ఆదివారం తనూ వస్తానంది. మెట్‌పల్లి దగ్గర సాంచెలు నడుపుకుని బతికే నేతకుటుంబం పిల్ల. ఈ ఊరికి కొత్త, హాస్టల్లో పొద్దుపోదు. ఇద్దరూ స్కూటీ మీద గంగిపేటకు బయలుదేరారు.

గంగిపేట ఇప్పుడు పేరుకే ఊరు. డ్యాం కట్టినప్పుడు మునిగింది. జనం ఎప్పుడో కొత్త కాలనీకి తరలిపోయారు. ఊళ్లోకి పోయే తారురోడ్డు మాత్రం, తనకా కబురు ఎవరూ చెప్పనట్టు, నింపాదిగా నీళ్లలోకి దిగిపోతుంది. దానికి అటూ ఇటూ నీళ్లలోనే ఎండిపోయిన తుమ్మచెట్లు. వాటి కొమ్మల నిండా కొంగల గూళ్లు.

ఆ పొద్దున మంచు దట్టంగా ఉంది. చెట్లు కనబడటం లేదు, గూళ్ల మీది చప్పుడే వినబడుతోంది. కొంగలు ముక్కులు కొట్టుకుంటున్న టకటక. నవ్యశ్రీ శాలువ బిగించుకుంది.

"ఎవలో మనల్ని ఫొటోలు తీస్తున్నట్టే ఉన్నది అక్కా."

స్తుతి నీళ్లవైపు చూస్తోంది. రోడ్డు వెంబడి, నీళ్లలో కొంత దూరాన, ఎవరో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. బూడిదరంగు శాలువ కప్పుకుని, భుజాలు వంచి, వీపు ఇటు పెట్టి ఉన్నాడు. మోకాళ్ల లోతు నీళ్లు. ఇంత చలిలో ఎవరబ్బా అనుకుంటూ కెమెరా ఎత్తి చూసింది.

నారాయణ పక్షి. బూడిదరంగు పెద్దకొంగ. మెడ భుజాల్లోకి దించుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది.

మంచులో కళ్లు మోసం చేశాయనుకుని, తనలో తానే నవ్వుకుని, నాలుగు ఫొటోలు తీసింది. కెమెరా దించింది. ముసలాయనే. శాలువ అంచు నీళ్లకు తగులుతోంది. మళ్లీ ఎత్తింది. కొంగే.

"నవ్యా, అటు జూడు. ఏం కనవడ్తున్నది?"

"కొంగ. అబ్బ, ఎంత పెద్దగున్నదక్కా!"

స్తుతి ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగింది. కాళ్ల కింద తారురోడ్డు గట్టిగానే ఉంది. ఇంకొంచెం దగ్గరికి పోతే సంగతేమిటో తేలిపోతుందనుకుంది. ఆమె రెండడుగులు వేస్తే ఆయనా రెండు వేశాడు. ఆమె ఆగితే ఆయనా ఆగాడు. తొందర లేదు, బెదురు లేదు. నీళ్లు చప్పుడు చేయకుండా అంత మెల్లగా నడిచే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

"తాతా! ఓ తాతా! అటు లోతున్నది, పోకు!"

ఆయన తిరగలేదు. దగ్గాడు. గొంతు లోపల రాయి గీసినట్టు, ఒక్కటే గరుకు దగ్గు.

అది స్తుతికి చిన్నప్పటినుంచీ తెలిసిన దగ్గు. ఆమె తండ్రి ఫిలిప్ శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. బాయిలో ఒకసారి పైకప్పు కూలి మోకాలు చితికింది. అప్పటినుంచి ఎక్కడ నిలబడినా బరువంతా ఒక కాలి మీదే మోపి, రెండోదాన్ని కొంచెం ఎత్తి పట్టుకునేవాడు. పోయి మూడేళ్లు దాటింది. ఇప్పుడు ఎదురుగా నీళ్లలో ఆ వీపే, ఆ వంగిన భుజమే, అట్లా ఎత్తి పట్టుకున్న కాలే.

"బాపూ," అంది.

వెనకనుంచి నవ్యశ్రీ ఏదో అరుస్తోంది. ఆ అరుపు చాలా దూరంనుంచి, గోడ అవతలనుంచి వచ్చినట్టుంది. గూళ్ల మీది టకటక ఎప్పుడు ఆగిపోయిందో ఆమె గమనించలేదు. చెట్ల మీది కొంగలన్నీ ఇటే చూస్తున్నాయి. నీళ్లు నడుము దాటాయి. చల్లగా ఉందని కూడా తోచలేదు. తిడతాడో, నవ్వుతాడో, ఒక్కసారి ఆ ముఖం చూస్తే చాలనిపించింది.

ఆయన నడక ఆపాడు. తల తిప్పకుండానే శాలువలోంచి ఒక చెయ్యి వెనక్కి చాచాడు. చిన్నప్పుడు చర్చి మెట్ల దగ్గర అట్లాగే చాచేవాడు. స్తుతి ఎడమచేత్తో అందుకుంది. కండ లేని చెయ్యి. వేళ్లు పొడుగ్గా, గరుగ్గా, ఎండిన పుల్లల్లా ఉన్నాయి.

ఇంకొక అడుగు వేస్తే నీళ్లు రొమ్ముల దాకా వచ్చాయి. మెడలో వేలాడే కెమెరా తడుస్తుందని కుడిచెయ్యి దానంతట అదే దాన్ని పైకెత్తింది. ఎత్తగానే కన్ను అలవాటుగా అద్దానికి ఆనింది.

అంత దగ్గరున్నదాన్ని ఆ లెన్సు సరిగా పట్టదు. అంతా అలుక్కుపోయినట్టు కనిపించింది. ఆ మసకలోనే ఒక పచ్చని కన్ను, కత్తిలాంటి ముక్కు, వెనక్కి మడిచి బిగించిన మెడ. మెడ అట్లా మడిచిందంటే అర్థమేమిటో స్తుతి కొన్ని వందలసార్లు చూసింది. చేప మీదికి దెబ్బ వేసేముందు అట్లాగే మడుస్తుంది.

ఆమె కన్ను తీయలేదు. వేలు బటన్ నొక్కేసింది. అదే క్షణాన కెమెరా మొత్తం ఆమె ముఖానికి గుద్దుకుంది. లెన్సు ముందరి అద్దం టప్పున పగిలింది. స్తుతి వెనక్కి పడి, మునిగి, నీళ్లు మింగి, చేతులతో రోడ్డును తడుముకుంటూ ఒడ్డు వైపు పాకింది. తొడల లోతు దాకా దిగి వచ్చిన నవ్యశ్రీ ఆమె జబ్బ పట్టుకుని లాగింది. పెద్దగా రెక్కల చప్పుడై, అది మంచులో కలిసిపోయింది.

ఒడ్డున వల దులుపుకుంటున్న సత్తవ్వ అనే ముసలామె పరుగున వచ్చి, పుల్లలు పోగేసి మంట పెట్టింది. రోజూ థర్మకోల్ తెప్ప మీద తిరిగి చేపలు పట్టుకునే మనిషి.

"ఎంత మొత్తుకున్నా ఇనలేదక్కా నువ్వు," నవ్యశ్రీ వణుకుతూ ఏడుస్తోంది. "బాపూ బాపూ అనుకుంట గా కొంగ ఎంబడి పోయినవ్. చెయ్యి గూడ సాపినవ్."

"ఇంకొక్క అడుగేస్తే పోతుంటివి బిడ్డా," అంది సత్తవ్వ. "రోడ్డు గాడనే తెగింది. కింద పాత వాగు." మంటలోకి ఒక పుల్ల తోసి, మామూలుగా అడిగింది: "బాపు కనవడ్డడా?"

స్తుతి తలూపింది.

"నాకు మా చెల్లె కనవడ్తది."

ఇద్దరూ ఆమె ముఖంలోకి చూశారు. ఆమె ముఖంలో ఏమీ లేదు.

"రోజూనా అవ్వా?" అంది నవ్యశ్రీ.

"ఎప్పుడన్న ఒకసారి. నేను మొకం పెట్టి సూడ. నా సూపు వల మీదనే. పలకరిస్తెనే ఫికర్, పలకరియ్యకుంటె ఏం జెయ్యది."

"భయం గాదా, బుగులు గాదా?"

"అయితది. కాకుంటె ఉంటదా? గని బువ్వ పెట్టేది గీ నీళ్లే. యాడికి పోత?"

ఇంటికొచ్చాక తల్లి క్యాథరిన్ అడిగితే కాలు జారి పడ్డానని చెప్పింది. గది తలుపు వేసుకుని కార్డులోని ఫొటోలు చూసింది. అన్నిట్లోనూ కొంగే. శాలువా లేదు, మనిషీ లేదు. చివరి దాంట్లో పచ్చటి మరక, దాని నడుమ నల్లని చుక్క. ఎడమ అరచేతిలో మూడు ఎర్రటి గీతలు చాలా రోజులు మానలేదు.

ఆమెను తొలిచింది భయం ఒక్కటే కాదు. అది భయమే అయితే బాగుండేది, అటు పోకుండా ఉంటే సరిపోయేది. ప్రార్థనలో కళ్లు మూస్తే ఆ వంగిన వీపే. తిరగలేదు, ముఖం చూపలేదు. ఇంకొక్కసారి, ఒడ్డునుంచే, నీళ్లు తాకకుండా చూడాలనిపించేది. నవ్యశ్రీకి ఆ మాట చెప్తే తిట్టింది. తిట్టి, "ఒక్కదానివి పోవుడు మాత్రం వద్దు. నేను పట్టుకొని నిలబడ్త," అంది.

ఫిబ్రవరి చివర్లో పోయారు. మంచు లేదు. పొద్దు పొడిచి నీళ్లు తళతళలాడుతున్నాయి. అది అక్కడే, రోడ్డు వెంబడి మోకాళ్ల లోతులో నిలబడి ఉంది. స్తుతి బాగు చేయించుకున్న కెమెరాలో చూసింది. కొంగ. గుండె చిక్కబట్టుకుని కెమెరా దించింది.

కొంగే.

చాలాసేపు చూసింది. కళ్లు నలుపుకుని చూసింది. ఈకలు దువ్వుకుంటోంది, తల దులుపుకుంటోంది, ఏ చెరువు గట్టునైనా కనిపించే మామూలు పిట్ట. స్తుతికి ఏడుపు తన్నుకొచ్చింది. బాపును సమాధిలో పెట్టిన రోజు కూడా ఆమె ఇట్లా ఏడవలేదు.

పక్కన నీళ్లు కదిలిన చప్పుడైంది.

నవ్యశ్రీ చెప్పులు విడిచి చీలమండల దాకా దిగింది. ముఖం మెత్తగా, చిన్నపిల్ల ముఖంలా అయింది.

"అక్కా, మా అమ్మమ్మ గట్ల నీళ్లల్ల నిలవడ్డదేందే? మీద చెద్దరన్నా లేదు."

ఆ అమ్మమ్మ కర్మలకే నవ్యశ్రీ మొన్న దసరాకు సెలవు పెట్టి పోయింది.

స్తుతి ఒక్క ఉరుకున దిగి ఆ పిల్ల నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టింది. ఇంకో చేత్తో కెమెరాను ఆమె కంటికి అదిమింది. "గిండ్లకెల్లి సూడు. సూడు నవ్యా! ఏమున్నది?"

నవ్యశ్రీ కెమెరాను తనే పట్టుకుని చూసింది. "కొంగ," అంది చివరికి. స్తుతి ఆమెను ఈడ్చుకుంటూ పొడిరోడ్డు మీదికి తెచ్చింది.

"ఒక్కసారి ఉత్త కండ్లతోని సూస్తనక్కా. ఒక్కసారి. చలి పెడ్తున్నది ఆమెకు."

"వద్దు."

"నన్ను పట్టుకునే ఉండు. ఏంగాదు."

"వద్దు నవ్యా. నడువు."

స్తుతి ఆమె చెయ్యి వదలకుండా స్కూటీ దాకా నడిపించి ఎక్కించింది. తన చున్నీ తీసి, ఆ పిల్ల నడుమును తన నడుముకు కట్టుకుంది. రోడ్డు ఒంపు తిరిగి నీళ్లు కనుమరుగయ్యేదాకా నవ్యశ్రీ తల వెనక్కే తిప్పి ఉంది. ఆ తర్వాత స్తుతి వీపు మీద తల వాల్చి నిశ్శబ్దంగా ఏడ్చింది. ఆ రోజు తర్వాత ఇద్దరూ గంగిపేట వైపు పోలేదు.